నోరులేని జీవాల నొప్పి

మగ్గం చప్పుడు కొంచెం మారితే చాలు, పోగు తెగిందని మనకు చూడకుండనే తెలుస్తది. ఇంట్లో కుక్క, పిల్లి సంగతి గూడ అంతే. నొప్పి అయితే అవి నోటితో చెప్పలేవు. రోజూ చేసే పని మారుస్తయి. ఆ మార్పే వాటి మాట.

కుక్క లేవడానికి ఇబ్బంది పడతది, మెట్లు ఎక్కదు, ఒక్క చోటనే నాకుతది, ఎండ లేకున్నా రొప్పుతది. పిల్లి అయితే నొప్పి దాచిపెడతది. మూలకు పోయి ముడుచుకుంటది, గోడ ఎక్కదు, ఒళ్లు నాక్కోవడం మానేస్తది. దాని మొహం చూడాలె. కెనడాలోని మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో గుర్తులు చెప్పిన్రు: చెవులు పక్కలకు తిరుగుతయి, కండ్లు సగం మూసుకుంటయి, మూతి బిగుస్తది, మీసాలు బిర్రుగ అయితయి, తల భుజాల కిందికి వాలుతది. గుర్రుగుర్రుమంటుంది గదా, బాగనే ఉన్నదనుకోవద్దు. నొప్పిలో గూడ పిల్లి అట్లనే అంటది.

మన షోలాపూర్ ఇండ్లల్ల దారం లేని మూల లేదు. కండెల నూలు, తువ్వాల అంచుల దారం, బీడీలు కట్టే దారం. పిల్లికూన ఆడుకుంట మింగుతది. దాని నాలుక గరుకు, దారం బయటికి రాదు, లోపలికే పోతది. పేగులు ముడుచుకొని కోసుకుపోతయి. నోట్లకెల్లి గాని వెనకకెల్లి గాని దారం వేలాడితే గుంజొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకపోవాలె. ఊడ్చిన దారం మూత ఉన్న డబ్బాల వెయ్యండి. బీడీ తంబాకు గూడ వాటికి విషమే.

మన గోలీలు మాత్రం అస్సలు ఇవ్వొద్దు. పారాసిటమాల్ ఒక్క గోలీ పిల్లి ప్రాణం తీస్తది. దాని నెత్తురుకు గాలి మోసే శక్తి పోతది. ఐబూప్రొఫెన్ కుక్క కడుపుల పుండ్లు చేస్తది, కిడ్నీలు చెడగొడతది.

మగపిల్లి ఉచ్చకు ముక్కుతున్నా రాకుంటే రేపటిదాక ఆగొద్దు, అదే రోజు చూపించాలె. పిల్లి ఒక రోజంత తినకున్నా అంతే.

ఎండకాలం మన ఊర్ల 40 డిగ్రీలు దాటుతది. నీడలో నీళ్ల గిన్నె పెట్టి, పూటపూటకు మార్చండి. ముసలి కుక్కకు చినిగిన చాదర్ మడిచి వెయ్యండి, కీళ్లకు సుఖం. పిచ్చికుక్క రోగం టీకా డాక్టర్ చెప్పిన టైంకు వేయించండి. అది మన పిల్లలకు గూడ రక్ష.

దవాఖానకు పోయినప్పుడు ఎప్పటినుంచి తింటలేదు, ఏ కాలు ఎత్తుతున్నది, ఏం మింగింది అని చెప్పాలె. ఎలుకలు నూలు కొరకకుండా రాత్రంతా కాపలా కాసే జీవం అది. దాని తరఫున ఆ నాలుగు మాటలు చెప్పేది మనమే.