నదే బొమ్మ అయినప్పుడు

ప్రకృతి దృశ్య చిత్రం అనగానే మనలో చాలామందికి గోడ క్యాలెండరు గుర్తుకు వస్తుంది. మంచుకొండ, దేవదారు చెట్లు, ఒక చెక్క ఇల్లు. మన ఊళ్లలో ఎవరూ చూసి ఎరుగని కొండ అది. అందువల్లనే కాబోలు, ఈ రకం బొమ్మలు తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అనే అభిప్రాయం విద్యార్థుల్లో బలంగా ఉంది. మేము చెప్పదలచినది వేరు. ఒక నదిని, దాని ఒడ్డున దేవుడినో రాజునో నిలబెట్టకుండా, కథ ఏదీ తగిలించకుండా, నదే ముఖ్యమనుకుని గీయడం తెలుగువారి చిత్రకళలో చాలా ఆలస్యంగా వచ్చిన పని. అది ఎట్లా వచ్చిందో, అందులో ప్రకృతి పట్ల గౌరవం ఎక్కడ ఉందో చూద్దాం.

తంజావూరు పలక చిత్రాలు తమిళనాడులోని మన పాఠకులకు కొత్త కావు. వాటిని గీసినవారిలో రాయలసీమ నుంచి వలస వెళ్లిన తెలుగు రాజుల కుటుంబాలు ఉన్నాయన్న సంగతి మాత్రం అందరికీ తెలియకపోవచ్చు. ఆ పలకల నిండా వెన్నముద్ద కృష్ణుడో, శ్రీరామ పట్టాభిషేకమో ఉంటుంది. చుట్టూ బంగారు రేకు, రంగురాళ్లు. చెట్టు కనిపిస్తే అది స్వామికి నీడ ఇవ్వడానికే. 16వ శతాబ్దికి చెందిన లేపాక్షి కప్పు చిత్రాలలోనూ కొండకు, నీటికి సొంత చోటు దాదాపు లేదు. దీన్ని పట్టుకుని మనవారికి ప్రకృతి పట్టలేదనడం తొందరపాటు. నదికి పసుపు కుంకుమలు ఇచ్చాం. పన్నెండేళ్లకొకసారి పుష్కరం చేశాం. రావిచెట్టుకు ప్రదక్షిణలు చేశాం. కావ్యానికి అష్టాదశ వర్ణనలు కావాలన్న లాక్షణికులు అందులో సముద్రాన్ని, పర్వతాన్ని, ఋతువులను చేర్చారు. గౌరవం మొక్కులో ఉంది, పద్యంలో ఉంది. కుంచె దాకా రాలేదు, అంతే. మొక్కేటప్పుడు మనం కళ్లు మూసుకుంటాం; బొమ్మ గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు.

చైనాలో ఈ దారి చాలా ముందే పడింది. అక్కడ ప్రకృతి దృశ్య చిత్రానికి పేరే 'షాన్‌ష్వే', అంటే 'కొండ-నీరు'. జోంగ్ బింగ్ (375–443) అనే ఆయన ముసలితనంలో కొండలెక్కే శక్తి పోయాక, తాను తిరిగిన కొండలన్నిటినీ గది గోడల మీద గీసుకుని పడుకునే చూసుకునేవాడని చెబుతారు. 1072లో 'తొలి వసంతం' అనే ప్రసిద్ధ చిత్రాన్ని గీసిన గువో షి ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. ఆయన బోధనలను కొడుకు గ్రంథంగా కూర్చాడు. వాటి సారం ఇది: మంచి మనిషికి కొండల మీద మనసు ఉంటుంది, కాని తల్లిదండ్రులను, కొలువును వదిలి పోలేడు, అటువంటివాడికి బొమ్మ కొండను ఇంటికి తెచ్చి పెడుతుంది. సొంత నేలకు దూరంగా, తరతరాలుగా వేరే నేల మీద బతుకుతున్న మనవంటి వారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. ఆ చిత్రాలలో మనుషులు ఉంటారు గాని, చీమంత ఉంటారు. వెతికితేనే కనబడతారు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనేది ఆ కొలతే చెబుతుంది.

అయితే కొండను గీసిన ప్రతివాడూ దాన్ని గౌరవించాడని అనుకోరాదు. కర్ణాటకలోని పాఠకులు నందిదుర్గం, సావనదుర్గం చూసే ఉంటారు. 1790–92 నాటి మూడవ మైసూరు యుద్ధంలో కారన్‌వాలిస్ సేన వెంట వచ్చిన రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు మైసూరు దృశ్యాలను గీసి 1794లో ప్రచురించాడు. కోల్‌బ్రూక్ అనే సైనికోద్యోగి కూడా ఆ ప్రాంతపు దుర్గాలను, పట్టణాలను గీశాడు. ఆ కాలంలో ఇంగ్లండులోని ఊలిచ్ సైనిక పాఠశాలలో నీటిరంగుల చిత్రకారుడు పాల్ శాండ్‌బీ చిత్రలేఖనం నేర్పేవాడు. సైనికుడికి బొమ్మలెందుకంటే, వాలు ఎంత, వాగు ఎక్కడ, ఫిరంగిని ఏ మిట్ట మీదికి లాగవచ్చు అనేవి తెలియడానికి. ఆ బొమ్మలు అందంగానే ఉంటాయి. కాని ఆ చూపు కొండను కొలుస్తున్న చూపు, పట్టుకోబోతున్న చూపు.

విచిత్రమేమంటే, ఆ ఇంగ్లీషు నీటిరంగుల విద్యే నూరేళ్ల తరువాత గోదావరి ఒడ్డున వేరే పని చేసింది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులతో దృశ్యాలు గీసేవారు, పద్యాలు రాసేవారు. ఆయన పద్య సంపుటాలలో ఒకదాని పేరులోనే థేమ్స్, గోదావరి పక్కపక్కన నిలిచాయి. అడివి బాపిరాజు ఆయన శిష్యులు. దామెర్ల రామారావు (1897–1925) ఆయన ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తిరిగి వచ్చి రాజమహేంద్రవరంలోనే చిత్రకళా పాఠశాల పెట్టారు. మశూచికం సోకి 28 ఏళ్లయినా నిండకుండానే పోయారు. ఆయన పేరు నిలిపినవి 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ' వంటి మనుషుల బొమ్మలే. కాని ఆయన గోదావరిని, తూర్పు కనుమలను కూడా నీటిరంగులలో చిత్రించారు. తెలుగు చిత్రకళలో నదికి, కొండకు సొంతంగా పీట వేసిన తొలివారిలో ఆయన ఒకరని మా అభిప్రాయం.

నీటిరంగుల పద్ధతి కొంచెం తెలిస్తే ఆ పని విలువ తెలుస్తుంది. ఇందులో తెలుపు మామూలుగా పెట్టెలోని రంగు కాదు, కాగితమే. ఎండ పడిన ఇసుక తిన్నె కావాలంటే అక్కడ కుంచె పెట్టకుండా వదలాలి. ఎక్కడ వదలాలో ముందే తెలియాలి, ఒకసారి రంగు పడితే తుడవడం కష్టం. కోస్తా గాలిలో తేమ ఎక్కువ, పూత ఆరదు; ఎండాకాలంలో కుంచె ఎత్తేలోగా ఆరిపోతుంది. కాబట్టి ఒకే చోటికి మళ్లీ మళ్లీ పోయి కూర్చోక తప్పదు. శ్రావణంలో గోదావరి ఎర్రమట్టి రంగు. శీతాకాలంలో తేరుకుని ఆకాశాన్ని చూపిస్తుంది. వేసవిలో నీరు పాయలై, ఇసుకే నదిలా ఉంటుంది. 'నీలి గోదావరి' అని పాటగా అనేయవచ్చు. గీయడానికి కూర్చున్నవాడు ఏ నెల గోదావరో తేల్చుకోవాలి. మేము గౌరవం అంటున్నది ఈ తేల్చుకోవడాన్నే.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. రాజమహేంద్రవరం దగ్గర కళ్లకు కనిపించే ఆ నిండు నీటి విస్తారం పూర్తిగా ప్రకృతి పని కాదు. దిగువన ధవళేశ్వరం వద్ద 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నిలిపిన నీరు అది. రామారావు పుట్టేనాటికి ఆ ఆనకట్టకు 45 ఏళ్లు. కనుక చిత్రకారుడు ముట్టని ప్రకృతిని గీస్తాడన్నది భ్రమ. ఆయన తన కాలపు నదిని గీస్తాడు. ఆ తరువాత నది మారితే, బొమ్మ సాక్ష్యమవుతుంది.

ఆ మార్పు మన కళ్లముందే జరుగుతోంది. 1465 కిలోమీటర్ల గోదావరి మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి నాందేడు మీదుగా వస్తుంది. సిరోంచ దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. ఒడిశాలో కొలాబ్ అని పిలిచే నదే దిగువన శబరి అయి కూనవరం వద్ద చేరుతుంది. యానాం గౌతమీ పాయ ఒడ్డున ఉంది. అంటే ఈ సంచిక చదివేవారిలో చాలామంది ఇంటి నది అది. పాపికొండల ఇరుకు దాటాక కట్టుతున్న పోలవరం ఆనకట్ట పూర్తి మట్టం 45.72 మీటర్లు. కొండలు మునగవు. వాటి పాదాలు మునుగుతాయి: ఇసుక తిన్నెలు, రేవులు, కోయల, కొండరెడ్ల పల్లెలు. ప్రధాన ఆనకట్ట పూర్తి కాకముందే, నదికి అడ్డంగా కట్టిన తాత్కాలిక కట్ట వల్ల దేవీపట్నం వైపు పల్లెలు వరదలో మునిగి జనం కదలవలసి వచ్చింది. ప్రాజెక్టు మంచిచెడ్డలు ఈ వ్యాసానికి మించిన విషయం. నిర్వాసితులకు ఇవ్వవలసింది బొమ్మ కాదు, భూమి. అందులో మాకు సందేహం లేదు. అయినా, ఏ రేవు ఎక్కడ ఉండేదో, ఏ గట్టు మీద ఏ చెట్టు ఉండేదో పరిహారం పట్టీలో రాయరు.

రాజమహేంద్రవరంలో రామారావు పేరిట చిత్రశాల ఉంది. ఆయన మిత్రులు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను, బొమ్మలను కాపాడుకొచ్చారు. సెలవులకు అటు వెళ్లేవారు చూడవచ్చు. వెళ్లలేనివారు తమ ఊరి చెరువుగట్టు దగ్గర, కొలాబ్ ఒడ్డున, యానాం రేవులో కాగితం పట్టుకుని కూర్చోవచ్చు. చేయి తిరగలేదని వెనుకాడనక్కరలేదు. బొమ్మ వెనుక మాత్రం తేదీ, చోటు, ఏ దిక్కుకు తిరిగి కూర్చున్నారో రాసి పెట్టండి.