చక్రాల ఇంట్లో చల్లని పెట్టె

అమెరికాలో సెలవులు వస్తే బండి వెనుక చక్రాల ఇల్లు తగిలించుకొని బయలుదేరే కుటుంబాలు చాలా ఉన్నాయి. దానిని ట్రైలర్ అంటారు. వంట, పడక, ఫ్రిజ్ అన్నీ అందులోనే. మేము డాలస్ నుండి గ్రాండ్ కాన్యన్‌కు బయలుదేరినప్పుడు మా ఫ్రిజ్‌లో పాలు, పెరుగుతోబాటు అమ్మ ఇన్సులిన్ సీసాలు కూడా ఉన్నాయి.

మొదటి రాత్రి అమరిల్లోలో ఆగి తలుపు తీస్తే లోపల గోరువెచ్చగా ఉంది. పాలు విరిగిపోయాయి. అమ్మ ఏమీ అనలేదు. సీసాలు చేతిలో పట్టుకొని చూస్తూ కూర్చున్నారు. మాకు తల ఎత్తుకోలేనంత సిగ్గయింది. "బండి నడుస్తుంటే బ్యాటరీ దానంతట అదే నిండుతుంది" అనుకోవడమే మా పొరపాటు.

మర్నాడు మందుల షాపులో అడిగితే, చల్లదనం తప్పిన ఆ సీసాలను 28 రోజుల లోపలే వాడాలని, ఎండ తగలనివ్వవద్దని చెప్పారు. బ్రతికిపోయాం.

తరువాత కూర్చొని లెక్క వేశాం. మా ఫ్రిజ్ ఇంటి కరెంటుతో, గ్యాసుతో, బ్యాటరీతో మూడు విధాల పనిచేస్తుంది. బ్యాటరీ మీద అది సుమారు 12 ఆంపియర్లు లాగుతుంది. బండి నుండి వచ్చే తీగ సన్నం, దూరం ఎక్కువ. అందేది 5 ఆంపియర్లే. గంటకు 7 చొప్పున 8 గంటల ప్రయాణంలో 56 పోయాయి. మాది 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. భోజనానికి ఆగినప్పుడు, సాయంత్రం ఆగాక కూడా ఫ్రిజ్‌ను అలాగే వదిలేశాం. ఇక మిగిలేదేమిటి?

ఇప్పుడు మేము పాటించేవి ఇవి:

బయలుదేరే ముందు రాత్రే ఇంటి కరెంటుతో ఫ్రిజ్‌ను చల్లబరచి, చల్లని వస్తువులే అందులో సర్దుతాం. దారిలో మాటిమాటికీ తలుపు తీయము. ఆగగానే బ్యాటరీ నుండి తప్పించి గ్యాసుకు మారుస్తాం. పెట్రోలు బంకులోకి వెళ్ళే ముందు మాత్రం గ్యాసు కట్టేస్తాం. మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడము, మీటరు 12.1 వోల్టులు చూపితే సగం అయిపోయినట్టే. లావు తీగతో డిసి చార్జరు పెట్టించుకున్నాం. ఇన్సులిన్‌కు వేరే ఐసు పెట్టె ఉంది; గడ్డకడితే పాడవుతుంది గనుక సీసాలను ఐసుకు తగలకుండా గుడ్డలో చుడతాం.

తరువాతి ప్రయాణంలో అమరిల్లోలో అమ్మే స్వయంగా ఫ్రిజ్ తలుపు తీశారు. "పెరుగు చల్లగా ఉందిరా, అన్నాలకు రండి" అన్నారు.