కారాగారమున కళాశాల

సికింద్రాబాదులో నేడు గాంధీ ఆసుపత్రి నిలిచియున్న నేలపై పూర్వము ముషీరాబాదు జైలు ఉండెడిది. జైలును తొలగించి కట్టిన భవనములలోనికి 2003లో ఆసుపత్రి తరలివచ్చినది. వైద్య కళాశాలయు అచ్చటనే వెలసినది. ఖైదీలు దినములు లెక్కించిన చోట నేడు విద్యార్థులు పాఠములు వినుచున్నారు. జైలు స్థలమును కళాశాలగా మార్చుటకు ఇటుకయు సున్నమును చాలును. జైలులోని మనిషిని విద్యార్థిగా మార్చుటకు అంతకు మించినది కావలెను.

ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యమున 1977లో సుప్రీంకోర్టు ఈ విషయమునే ఆలోచించినది. ఉద్యోగములు ఇప్పింతునని నమ్మించి యువకులను మోసగించినవాడు అందు ముద్దాయి. నేరము ఒక రుగ్మత వంటిదనియు, నేరస్థుని బాగుచేయుట ప్రభుత్వధర్మమే గాని పగ తీర్చుకొనుట కాదనియు జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పిరి. యాంత్రికమైన చాకిరి గాక బుద్ధికి పదునుపెట్టు పనిని అతనికి ఒప్పగింపవలెనని ఆదేశించిరి.

అట్టి పనికి తగిన మార్గమును 1982లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము తెరచినది. దేశమున ఆ కోవలో అదియే మొదటిది. తరువాత డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ పేరు దాల్చినది. దినదినము తరగతికి రానక్కరలేని చదువు, గోడ దాటలేనివానికి అనువైన చదువు. చర్లపల్లి, చంచల్‌గూడ కేంద్ర కారాగారములలోని ఖైదీలు దీని మూలమున పట్టభద్రులైరి. పట్టాతోపాటు నేత, వడ్రంగము వంటి చేతిపనులును కలవు. జైళ్ళశాఖ నడుపు పెట్రోలు బంకులలో ఖైదీలును, విడుదలైనవారును పనిచేయుచున్నారు.

అయినను ఒక చిక్కు మిగిలినది. 2022 సంవత్సరాంతమున దేశపు జైళ్ళలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది, అనగా నలుగురిలో ముగ్గురు, ఇంకను విచారణలోనే ఉన్నవారు. శిక్షపడినవానికి గడువు తెలియును. మూడేండ్ల పట్టాకు పూనుకొనగలడు. విచారణలో ఉన్నవాడు రేపే బెయిలుపై పోవచ్చును, లేదా ఏండ్లు గడపవచ్చును. ఏ చదువు మొదలిడవలెనో అతనికి తోచదు. అతనికి నెలలలో ముగియు వృత్తిశిక్షణ కావలెను. నడుమ విడుదలైనచో మిగిలినది బయట పూర్తిచేసికొను ఏర్పాటు కావలెను.

ఆ భారము జైలు అధికారులది మాత్రమే కాదు. బయటికి వచ్చినవానికి పాఠము చెప్పు ఉపాధ్యాయుడును, ప్రక్కన చోటిచ్చు విద్యార్థియు, పని యిచ్చు యజమానియు లేనిచో, లోపల నేర్చిన చదువు జైలు ద్వారము కడనే నిలిచిపోవును.