వేటలో పిల్లలకు నేర్పవలసిన దైవభీతి

సమస్త స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా! అమెరికాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాల నుండి ఒక ప్రశ్న మనకు వస్తున్నది. శరదృతువు రాగానే అక్కడ కొలరాడో, టెక్సాస్ వంటి రాష్ట్రాలలో దుప్పుల వేట మొదలవుతుంది. కొలరాడో కొండలలో ఎల్క్ అనే జంతువు ఉన్నది. అది మన అడవులలోని కణుజును తలపించే భారీ దుప్పి; మగది 300 కిలోలకు పైగా తూగుతుంది. తాత, తండ్రి, మనుమడు కలిసి వేటకు వెళ్ళడం అక్కడివారికి తరతరాల ఆచారం. ఇరుగుపొరుగువారు మన పిల్లలను కూడా పిలుస్తున్నారు. కొన్నిచోట్ల మన అబ్బాలు, మామూలే తుపాకీ కొని పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్తున్నారు. ఇది ధర్మసమ్మతమేనా? ఆ మాంసం హలాలేనా? పన్నెండేళ్ళ బాలుని చేతికి ఆయుధం ఇవ్వవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుకుందాం.

వేట మూలతః ధర్మసమ్మతమే. దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా దీనికి ఆధారం. అయితే ఆ సూరా ఎలా ప్రారంభమవుతున్నదో గమనించండి. మొట్టమొదటి ఆయత్‌లో ఒప్పందాలను నెరవేర్చండన్న ఆజ్ఞ ఉన్నది. అదే ఆయత్‌లో ఇహ్రామ్ స్థితిలో వేటాడరాదన్న నిషేధం ఉన్నది. రెండవ ఆయత్‌లో ఇహ్రామ్ ముగిసిన పిమ్మట వేటకు అనుమతి వచ్చింది. అంటే విశ్వాసి వేటకు బయలుదేరేటప్పుడు హద్దు ముందు నడుస్తుంది, అనుమతి దాని వెనుక నడుస్తుంది.

అదే సూరా 94వ ఆయత్ మరింత లోతైనది. చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరగా వేట జంతువులను తెచ్చి అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తానని తెలిపాడు. తనను చూడకుండానే తనకు భయపడేవారెవరో వెల్లడి కావడానికే ఈ పరీక్ష. హుదైబియా ప్రయాణంలో సహాబాలు ఇహ్రామ్‌లో ఉండగా జంతువులు వారి గుడారాల మధ్యకే వచ్చాయని వ్యాఖ్యాతలు వివరించారు. చెయ్యి చాచితే చాలు, మాంసం సిద్ధం. అయినా వారు చెయ్యి చాచలేదు.

అదే ప్రయాణంలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఇహ్రామ్‌లో లేరు. ఆయన ఒక అడవి గాడిదను వేటాడారు. ఇహ్రామ్‌లో ఉన్న సహచరులు ఆ మాంసం విషయమై దైవప్రవక్త (స)ను అడిగారు. వేటాడమని మీలో ఎవరైనా చెప్పారా, కనీసం దానివైపు సైగ చేశారా అని వారు విచారించారు. లేదని తెలిసిన తరువాతనే తినడానికి అనుమతించారు. ఒక్క వేలి సైగకు కూడా లెక్క ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

పిల్లలతో వేటకు వెళ్ళే పెద్దలు గుర్తుంచుకోవలసిన అసలు విషయం ఇదే. అడవిలో అధికారి ఉండడు, సాక్షి ఉండడు. అనుమతి పత్రంలో ఆడ జంతువు అని ఉండగా ఎదురుగా కొమ్ముల మగది నిలుస్తుంది. వేట గడువు ముగిసి అయిదు నిమిషాలైన తరువాత దుప్పి కనిపిస్తుంది. ఆ క్షణంలో తండ్రి ఏం చేస్తాడో కొడుకు చూస్తూ ఉంటాడు. తండ్రి తుపాకీ దించితే, అల్లాహ్ చూస్తున్నాడన్న సత్యం ఆ పసి హృదయంలో నాటుకుంటుంది. తండ్రి పేల్చితే, ఎవరూ చూడనప్పుడు హద్దు లేదన్న పాఠం నాటుకుంటుంది. పది ఖుత్బాలు విన్నా ఆ పాఠం చెరిగిపోదు.

ఇక ఆయుధం సంగతి. కొలరాడోలో ఇటువంటి పెద్ద జంతువులను వేటాడడానికి కనీస వయస్సు 12 సంవత్సరాలు. 12 నుండి 15 ఏళ్ళ పిల్లల వెంట పెద్దవారు తప్పక ఉండాలి. 1949 జనవరి 1 నాడు గాని, ఆ తరువాత గాని పుట్టిన ప్రతి ఒక్కరూ వేట శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం చూపాలి. తుపాకీతో వేటాడేవారు నడుముకు పైన 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వస్త్రం, తలపై అదే రంగు టోపీ ధరించాలి. మనిషిని జంతువని పొరబడి కాల్చకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. ఒక దేశపు పౌరసత్వాన్ని, వీసాను స్వీకరించడం ఒక ఒప్పందం. దాని చట్టాన్ని పాటించడం ఆ ఒప్పందాన్ని నెరవేర్చడం.

ఈ జాగ్రత్తలు మనకు కొత్త కావు. బాణాలతో మస్జిద్‌లోకి గాని, బజారులోకి గాని వచ్చేవాడు వాటి మొనలను చేతితో పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒర నుండి దూసిన ఖడ్గాన్ని ఒకరి చేతి నుండి మరొకరు అందుకోవడాన్ని వారించారు. తోటి సోదరునివైపు ఆయుధం చూపవద్దని, నవ్వులాటకు కూడా తగదని హెచ్చరించారు. గుండ్లు తీయకుండా తుపాకీ చేతులు మారకూడదని, గొట్టం ఎన్నడూ మనిషివైపు తిరగకూడదని నేడు శిక్షకులు చెబుతున్నది కూడా ఇదే కదా! ఈ నియమాలు పిల్లవానికి అలవాటు కానంతవరకు అతని చేతికి తుపాకీ ఇవ్వడం అల్లాహ్ ఇచ్చిన అమానత్‌ను ప్రమాదంలోకి నెట్టడమే.

మాంసం హలాల్ కావడానికి షరతులున్నాయి. బాణం వదిలే క్షణంలో అల్లాహ్ పేరు ఉచ్చరించాలి. బాణపు వాడి మొన చర్మాన్ని చీల్చి రక్తం పారిస్తే ఆ జంతువు హలాల్ అవుతుంది. అడ్డంగా తగిలిన దెబ్బ బరువుకు చస్తే కాదు. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి)కు దైవప్రవక్త (స) ఈ విషయం విడమరచి చెప్పారు. బాణం తగిలిన జంతువు నీటిలో పడి చనిపోతే తినవద్దన్నారు. బాణం వల్ల చచ్చిందో, నీటిలో మునిగి చచ్చిందో తెలియదు కదా! మన కుక్కతో పాటు ఇతర కుక్కలు కలిసినా తినవద్దన్నారు. ఏ కుక్క చంపిందో తెలియనప్పుడు సందేహాన్ని వదిలివేయాలి. ఇద్దరు వేటగాళ్ళ గుండ్లు ఒకే దుప్పికి తగిలి, ఒకరు అల్లాహ్ పేరు ఉచ్చరించనివారైతే, అక్కడ కూడా ఈ సూత్రమే మనకు దారి చూపుతుంది.

తుపాకీ గుండు విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. గుండు వాడితో కోయదు, వేగపు దెబ్బతో చంపుతుంది కనుక, జబహ్ చేయకముందే చచ్చిన జంతువు హలాల్ కాదని హనఫీ పండితులు అనేకులు తీర్పు చెప్పారు. గుండు శరీరాన్ని చీల్చుకొని పోతుంది కనుక, బిస్మిల్లాహ్ అని పేల్చితే హలాలేనని మరికొందరు పండితుల అభిప్రాయం. మనలో అత్యధికులు హనఫీ పద్ధతిని అనుసరించేవారు. కాబట్టి గుండు తగిలిన వెంటనే జంతువును చేరుకొని, ప్రాణం ఉండగానే వాడియైన కత్తితో జబహ్ చేయాలి. విషయం గ్రహించగల వయస్సున్న పిల్లవాడు చేసిన జబహ్ కూడా చెల్లుతుంది. చేరేసరికే ప్రాణం పోయివుంటే ఆ మాంసాన్ని వదులుకోవడమే మనకు క్షేమకరం. వేటకు ముందే ఈ మాట పిల్లలకు చెప్పాలి. లేకుంటే ఆశపడిన తరువాత వదులుకోవడం కష్టం.

ఆహారం హలాల్ మాత్రమే కాదు, పరిశుద్ధం కూడా కావాలి. దుప్పి జాతులను క్షీణింపజేసి చంపే ఒక వ్యాధి 1967లో కొలరాడోలోనే మొదట గుర్తించబడింది. ఆ వ్యాధి ఉన్నట్లు పరీక్షలో తేలిన జంతువు మాంసం తినవద్దని అక్కడి ఆరోగ్య శాఖ సలహా ఇస్తున్నది. కనుక పరీక్ష చేయించిన పిమ్మటనే ఇంటివారికి వడ్డించాలి. కొమ్ముల కోసం చంపి మాంసాన్ని అడవిలో వదిలేయడం అక్కడి చట్టం దృష్టిలో నేరం. మన ధర్మం దృష్టిలో అది ఒక ప్రాణాన్ని వృథా చేయడం. హక్కు లేకుండా చంపిన పిచ్చుక విషయంలో సైతం అల్లాహ్ ప్రశ్నిస్తాడని దైవప్రవక్త (స) హెచ్చరించివున్నారు.

నమాజ్ మరువరాదు. వేట వెంట పడినవాడు ఏమరుపాటుకు లోనవుతాడని హదీసులో ఉన్నది. కొలరాడోలో వేట సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తరువాత అరగంటకు ముగుస్తుంది. ఒక అంచున ఫజ్ర్, మరొక అంచున మగ్రిబ్! మొదట నమాజ్, తరువాతనే తుపాకీ అన్న క్రమాన్ని పిల్లవాడు మొదటి రోజునే నేర్చుకోవాలి.

జంతువు కూలినప్పుడు బాలుడు కన్నీరు పెట్టుకుంటే ఎవరూ ఎగతాళి చేయకండి. ఆ కన్నీరు పిరికితనం కాదు, అల్లాహ్ ఆ హృదయంలో ఉంచిన కారుణ్యం. రానని చెప్పిన పిల్లవాణ్ణి బలవంతం చేయకండి. వేట అనుమతించబడిన పనే గాని విధి కాదు.

సోదరులారా! ఇదంతా దూరదేశపు సంగతి అని మనం నిశ్చింతగా ఉండరాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దుప్పి, జింక, కణుజుల వేటను నిషేధించింది. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు; కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దుప్పి మాంసం షరీఅత్‌లో హలాలే కదా అని కొందరు వాదిస్తారు. జంతువు హలాలే, కానీ ఉచ్చులు పన్ని, రాత్రివేళ దీపాలు వేసి, దొంగతనంగా చంపే పద్ధతి ఒప్పందాన్ని భంగపరచడమే. పట్టుబడితే జైలు పాలయ్యేది ఒక్కడు, తలవంపులు పడేది సముదాయమంతా. అటువంటి మాంసాన్ని కొనకండి, విందులో వడ్డించకండి.

మన వీధులలో పిల్లలు క్యాటర్‌బాల్‌తో ఉడుతలను, పావురాలను గురిచూసి కొడుతూ ఉంటారు. కొందరు యువకులు ఒక పక్షిని కట్టి దానిపై బాణాలు వేస్తుండగా హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చూశారు. ప్రాణమున్న దానిని గురిగా నిలిపేవారిని దైవప్రవక్త (స) శపించారని వారికి తెలియజేశారు. ఆ యువకులకు చెప్పిన మాట మన పిల్లలకు మనం చెప్పకపోతే మరెవరు చెబుతారు?

కొలరాడో కొండలలోనైనా, మన నల్లమల అంచులలోనైనా పరీక్ష ఒక్కటే. చేతికి అందినదంతా మనది కాదని పిల్లలకు నేర్పుదాం. మాటతో కన్నా ముందు మన నడతతో నేర్పుదాం.

ఓ అల్లాహ్! మాకు, మా సంతానానికి ఏకాంతంలో నీ భయాన్ని, శక్తి ఉన్నచోట నిగ్రహాన్ని, నీ సృష్టిపట్ల కారుణ్యాన్ని ప్రసాదించు. మా ఆహారాన్ని హలాల్‌గా, పరిశుద్ధంగా ఉంచు. ఆమీన్.