వైన్ లేకుండానే ఆ రుచి!

టీవీలో చూసో, పక్కింట్లో తినో పిల్లలు కొత్త వంట చేయమంటారు. తీరా చూస్తే అందులో 'అర కప్పు వైన్' అని ఉంటుంది. పెద్దవాళ్లు ఒప్పుకోరు. అంతటితో ఆ వంట మానుకోనక్కర్లేదు.

"మంటమీద పెడితే మత్తంతా ఆవిరైపోతుంది కదా!" అని కొందరంటారు. అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం, 15 నిమిషాలు ఉడికించినా వేసిన ఆల్కహాల్‌లో 40 శాతం మిగులుతుంది. గంట ఉడికిస్తే 25 శాతం, రెండున్నర గంటలు ఉడికిస్తే 5 శాతం ఉంటుంది. కనుక చిన్నపిల్లలు, గర్భిణులు, నియమం పాటించేవారు, ముఖ్యంగా తాగుడు మానుకున్నవారు ఉన్న ఇంట్లో ఈ విషయం మరువకూడదు. వారికి చెప్పకుండా వడ్డించడం అసలే తగదు.

వైన్ చేసే పనేమిటి?

పులుపు, కాస్త తీపి, పండు వాసన ఇస్తుంది. ఎర్ర వైన్ అయితే కొంచెం వగరు కూడా. ఇవన్నీ మన వంటింట్లో దొరికేవే. పోర్చుగీసువారు వైన్, వెల్లుల్లి కలిపి మాంసం నానబెట్టేవారు. ఆ పద్ధతే గోవాలో కల్లు వెనిగర్‌తో 'విందాలూ' అయింది. పేరులో ఉన్నది ఆలుగడ్డ కాదు, వెల్లుల్లి!

ఎర్ర వైన్‌కు బదులు: అర కప్పుకు బదులుగా పావు కప్పు నల్లద్రాక్ష రసం, దాదాపు అంతే మాంసం లేక కూరగాయలు ఉడికిన నీళ్లు, ఒక టేబుల్ స్పూను వెనిగర్ కలపండి. కర్ణాటకలో దొరికే బెంగళూరు బ్లూ ద్రాక్షను తొక్కతోనే ఉడికించి వడకడితే రంగు, వగరు రెండూ వస్తాయి. గింజలు మిక్సీలో నలిగితే చేదు. చక్కెర కలపవద్దు. దానిమ్మ రసమూ బాగుంటుంది. మహారాష్ట్రలో ఉన్నవారు రెండు కోకం రెబ్బలు వేసుకోవచ్చు.

తెల్ల వైన్‌కు బదులు: అర కప్పు కూరగాయల నీళ్లు, రెండు టీ స్పూన్ల నిమ్మరసం, చిటికెడు చక్కెర. నిమ్మరసం దించాకే పిండాలి. వంటలో పాలు ఉంటే విరిగిపోతాయి, జాగ్రత్త.

క్రిస్మస్ కేకుకు: ఎండుపండ్లను రమ్ములో నెలల తరబడి నానబెడతారు. నారింజ రసంలో అలా చేస్తే పాడవుతాయి. ఒక్క రాత్రి, అదీ ఫ్రిజ్‌లో చాలు. ఈ కేకు అన్ని రోజులు నిలవ ఉండదు, త్వరగా తినేయాలి.

1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాంలోని మన పాఠకులు 'కోక్ ఓ వాన్' పేరు విని ఉండవచ్చు. ఎర్ర వైన్‌లో ఉడికించే ఈ కోడికూరలో వైనే ప్రధానం. ద్రాక్షరసం ఎక్కువ పోస్తే మరిగి మరిగి పాకమవుతుంది. కాబట్టి రసం తగ్గించి, కోడి ఉడికిన నీళ్లు పెంచండి. అచ్చంగా ఆ రుచే రాదు, కానీ మంచి కూరే అవుతుంది.

బజారులో 'కుకింగ్ వైన్' అని అమ్మేదాంట్లో ఆల్కహాల్ ఉంటుంది, తరచు ఉప్పూ ఉంటుంది. సీసామీద చీటీ చదివే కొనండి. మీ ఇంట్లో ఇంకేదైనా కిటుకు ఉంటే మాకు రాయండి.