ముంజేతి యంత్రమున తెలుగక్షరము

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున వింతయైన వార్త యొకటి లోకమున వ్యాపించెను. ఆపిల్ కంపెనీవారి ఐఫోనులు ఒక్క తెలుగక్షరమును చూచి మూర్ఛిల్లుచున్నవని ఆ వార్త. ఆ యక్షరము ‘జ్ఞా’. అది సందేశమున వచ్చినంతనే, దానిని తెరపై నిలుపబోయిన యాప్ ఒక్కసారిగ మూతపడుచుండెను. మరల తెరువబోయిన మరల మూతపడుచుండెను. కొన్ని ఫోనులు తమంతట తామే ఆరుచు వెలుగుచు యజమానునకు లొంగకుండెను. ఫోనులకే గాక ఆ కంపెనీవారి కంప్యూటరులకును, ముంజేతికి కట్టుకొను స్మార్ట్ వాచీలకును ఈ వ్యాధియే సంక్రమించెను. అల్లరివాండ్రు కొందరు తమ పేళ్ళ ప్రక్కన ఈ యక్షరమును తగిలించుకొని పరుల యంత్రములను పడగొట్టి వినోదించిరి. ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీవారు సవరణలను విడుదల చేసిరి. గడియారములకు వచ్చిన సవరణ పేరు వాచ్ ఓఎస్ 4.2.3.

ప్రపంచపత్రికలు దీనిని వేడుకగ ప్రకటించి మరచిపోయినవి. మాకు మాత్రము ఇది వేడుకగ తోపదు. జ్ఞానమను పదమునకు మొదటి యక్షరమది. బాసర క్షేత్రమున బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించు తల్లిదండ్రులు కొలుచు జ్ఞానసరస్వతి నామమునకు మొదటి యక్షరమది. జ్ఞానేశ్వరి యను పేరుగల బాలిక ఏ పల్లెయందైన నుండవచ్చును. యూనికోడ్ అను సర్వలిపి సంకేతావళిలో తెలుగు 1991లో వెలువడిన మొదటి ప్రమాణమునుండియు కలదు. అనగా ఈ యుపద్రవము జరుగునాటికి మన లిపి ఆ సభలో ఇరువదియేడేండ్ల సభ్యత్వము గలది. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగ వ్రాయించుకొన్నవారు ఎనిమిది కోట్ల పదునొకండు లక్షలమంది. ఇట్టి భాష తమ తెరపై నెట్లు నిలుచునో చాలినంత పరీక్షింపకయే యంత్రములు బజారున కెక్కినవి.

దీనిని మేము కుట్ర యనము. న్యాయముగ చెప్పవలెనన్న, మనము దినదినమును వ్రాయు ‘జ్ఞా’ ఏ యంత్రమును పడగొట్టలేదు. జకారము, దానిపై పొల్లు, పిమ్మట ఞకారము, దాని వెనుక కంటికి కానరాని యొక విభాజకచిహ్నము, చివర దీర్ఘము: ఈ వరుసగ కూర్చినప్పుడే ప్రమాదము సంభవించెను. బంగాళీ, దేవనాగరి లిపులలోను ఇట్టి కూర్పులు కొన్ని ఇదే ఫలితము నిచ్చినవని విమర్శకులు పిమ్మట కనుగొనిరి. కావున ఇది ద్వేషము గాదు, అలక్ష్యము. ద్వేషించువాడు మనలను తలచుచునేయుండును. అలక్ష్యము చేయువానికి మనమున్న సంగతియే తోపదు.

ఈ విషయము నిప్పుడు మేము మరల నెత్తుటకు కారణము కలదు. స్మార్ట్ వాచీలకు యాప్‌లు వ్రాయు విద్య నేడు పెద్ద నగరముల సొత్తు గాదు. గూగుల్‌వారు 2014లో ఆండ్రాయిడ్ వేర్ అను పేర ప్రకటించి 2018లో వేర్ ఓఎస్ అని పేరు మార్చిన పద్ధతికి యాప్ వ్రాయుటకు వలయు పనిముట్లు ఉచితముగ లభించుచున్నవి. ఒక మోస్తరు కంప్యూటరును, కోట్లిన్ భాషయందు కొంత పరిచయమును, కొన్ని మాసముల ఓరిమియు నున్న చాలును. హైదరాబాదున పుట్టిన హగ్ ఇన్నొవేషన్స్ అను స్మార్ట్ వాచీల సంస్థను 2020లో టైటాన్ కంపెనీవారు తమలో కలుపుకొనిరి. ఈ పని తెలుగునేలపై జరుగగలదనుటకు అదియే సాక్ష్యము. జరుగుచున్న పని ఎవని భాషయందు, ఎవని చేతిపై పరీక్షింపబడవలెననునదియే మా ప్రశ్న.

ఉదాహరణమునకు మెదకు సీమలోని కుల్చారమును తీసికొందము. నల్లరాతి పార్శ్వనాథుని నిలువెత్తు విగ్రహమువలన ఆ గ్రామము నేడు యాత్రికులకు తెలిసినది. పండితులకు అంతకుముందునుండియే తెలియును. కాళిదాసుని కావ్యత్రయమునకు సంజీవనీవ్యాఖ్య రచించిన మల్లినాథసూరి ఇంటిపేరైన కోలాచలము ఈ కుల్చారమే యని పలువురు నిర్ణయించియున్నారు. ఆ గ్రామపు యువకుడొకడు తన మొదటి యాప్‌ను వ్రాయబూనెననుకొందము. నడచిన అడుగులను లెక్కించు యాప్‌లు కొల్లలుగ నున్నవి. పొలమున దినమంతయు నడచువానికి ఆ లెక్కతో పనిలేదు. ఆ ప్రాంతమునకు వలసినది నీటి వార్త. మంజీరపై 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట అచ్చటనే కలదు. మహబూబ్ నహరు, ఫతే నహరు అను రెండు కాలువలు దానినుండి సాగి పొలములను తడుపుచున్నవి. పైనున్న సింగూరు జలాశయమునుండి నీరు విడిచిననే ఘనపురమునకు జీవము. నీరు విడిచిరా, ఎన్నడు విడుతురు, మన తూమునకు వంతు ఎప్పుడు? ఈ మూడు మాటలను రైతు ముంజేతిపై నిలుపగలిగిన, ఆ యాప్ చిన్నదైనను పనికివచ్చునది.

వ్రాయుట కష్టము గాదు, పరీక్షయే కష్టము. మొదట ఎమ్యులేటరు అనునది కలదు. అది కంప్యూటరు తెరపై కనబడు గడియారపు బొమ్మ. దానియందు అన్నియు చక్కగ జరుగును. బొమ్మకు చెమట పట్టదు, ఎండ తగులదు, బురద యంటదు. పిమ్మట నిజమైన గడియారమును పట్టుకొని, దాని అమరికలలో నిర్మాణసంఖ్య యనుచోట ఏడుమారులు వ్రేలితో తట్టవలెను. అప్పుడు గాని అది శిల్పికి తలుపు తీయదు. (ఏడన్న సంఖ్య ఏ శాస్త్రము ననుసరించి యేర్పడినదో మే మెరుగము, వివాహమునకు సప్తపది వలె దీనికిని కాబోలు.) ఇచ్చటినుండి అసలు పరీక్ష ప్రారంభమగును.

ముంజేతి కంకణమునకు అద్దమేల యని మన సామెత. ముంజేతి గడియారమునకు మాత్రము అద్దమే సర్వస్వము. అది అణా బిళ్ళకన్న కొంచెము పెద్దది. పెక్కు గడియారములందు గుండ్రనిది. గుండ్రని తెరపై మొదటి పంక్తికిని చివరి పంక్తికిని రెండు కొసలును తెగిపోవును. ఇంగ్లీషు అక్షరము ఒక్క వరుసలో నిలుచును. తెలుగక్షరమునకు తలపై గుడి, క్రింద వత్తు, కొన్నిట వత్తు క్రింద మరియొక వత్తు. ‘రాష్ట్రము’ అను మాటను ఇంగ్లీషునకు కొలిచి యుంచిన పంక్తిలో నిలిపినచో క్రింది వత్తు కత్తిరింపబడును. లేదా క్రింది పంక్తిలోని గుడి నెక్కి కూర్చుండును. వృద్ధులు అక్షరములను పెద్దవి చేసికొందురు. అప్పు డీ యిబ్బంది రెట్టింపగును. ఇది కన్నులతో చూచి తెలిసికొనవలసినదే గాని లెక్కలతో తేలునది గాదు.

అంతకన్న గొప్ప ప్రమాదము వేరొకటి కలదు. దానిపై మా పాఠకుల దృష్టిని ప్రత్యేకముగ నాకర్షింపగోరుచున్నాము. తెరపై పట్టని వాక్యమును యంత్రము తోక కత్తిరించి మూడు చుక్కలు పెట్టును. ఇంగ్లీషునకు ఇది పెద్ద హాని గాదు. నిషేధము వాక్యారంభముననే తరచుగ వచ్చును గనుక, ‘నో’ అను మాట తెరపై మిగులును. మన భాషయందో, క్రియ చివరనుండును. కాదు, లేదు, రాదు అను నిషేధము క్రియకును చివరనుండును. “రేపు తెల్లవారుజామున మీ తూమునకు నీరు వదలుట లేదు” అను సూచనలో చివరి మాట తెగినదనుకొనుడు. “రేపు తెల్లవారుజామున మీ తూమునకు నీరు వదలుట” వరకు చదివిన రైతు పార బుజముపై వైచుకొని చీకటిలో కాలువకు పోవును. “విడుతురు” అనుటకును “విడువరు” అనుటకును భేదమంతయు పదాంతముననే యున్నది. యంత్రము అక్షరములను గాక సంకేతములను లెక్కించి కోసినచో మరియు విపరీతము. మనకు ఒక్క అక్షరమైన ‘జ్ఞా’ యంత్రమునకు నాలుగు సంకేతములు. నడుమ కోసిన ఏ పొల్లో, ఏ వట్టి జకారమో మిగులును. ఇంగ్లీషున మాత్రమే పరీక్షించువానికి ఈ లోపము జన్మాంతరమునకైన కనబడదు.

దీనికి చికిత్స కుల్చారమువారికి పరదేశమునుండి తెచ్చుకొననక్కరలేదు. మల్లినాథుడు చేసిన దేమి? శ్లోకమున చెల్లాచెదరైన పదములను అన్వయక్రమమున నిలిపి, ఏది ముందు తెలిసిన అర్థము సులభమగునో దానిని ముందు పెట్టెను. తెలుగు పదక్రమము స్వేచ్ఛగలది. “లేదు రేపు నీరు” అనిన ఏ రైతునకైనను అర్థమగును, అంగడిలోను పొలములోను మన మట్లే మాటలాడుచున్నాము. ముఖ్యమైన క్రియ ముందు, తేదీ పిమ్మట, తూము పేరు చివర. చివరిది తెగినను హాని యల్పము. ఆ మహావ్యాఖ్యాత మరియొక నియమమును తనకు తాను విధించుకొనెను: మూలమున లేనిది వ్రాయడు, అపేక్షింపనిది పలుకడు. రెండవది చిన్న తెరకు ఎంత తగినదో చెప్పనక్కరలేదు. మొదటిది మరింత ముఖ్యము. నీటి వార్త ఎప్పుడు వచ్చినదో ఆ గంట తెరపై నుండవలెను. సంబంధము తెగి నిన్నటి వార్తయే నిలిచియున్నచో, ఇది నిన్నటిదని యంత్రమే చెప్పవలెను. పాత వార్తను క్రొత్తదానివలె చూపు గడియారముకన్న, గోడపై చెడి నిలిచిన గడియారము మేలు.

ఇక శరీరమునకు సంబంధించిన పరీక్షలు. ఫోను గుడిసెలో వ్రేలాడుచుండగా గడియారము పొలమున నుండును. 2015 ఏప్రిలులో వచ్చిన ఆపిల్ మొదటి గడియారమున పరుల యాప్‌లు నిజమునకు ఫోనుననే నడచుచు గడియారమున ప్రతిబింబించెడివి. ఆ సంవత్సరము సెప్టెంబరులోని వాచ్ ఓఎస్ 2 తో గాని గడియారముననే నడచు యోగ్యత రాలేదు. నేటి యాప్ ఫోను దూరమైనప్పుడు ఏమి చేయునో చూడవలెను. తడిచేతితో తాకిన తెర పలుకునా? చేయి పైకెత్తిన వెలుగునట్లు అమర్చిన తెర, కోతవేళ కొడవలి ఆడించిన ప్రతిమారును వెలిగి మధ్యాహ్నమునకే బ్యాటరీని హరించునా? నాట్లు వేయు స్త్రీల గాజులు దాని ప్రక్క మీటలను నొక్కునా? మిట్టమధ్యాహ్నపు టెండలో నల్లని నేలపై బూడిదరంగు అక్షరము కానవచ్చునా? ఓఎల్‌ఈడీ తెరలందు నలుపునకు విద్యుత్తు వ్యయము గాదు గనుక నేల నల్లనిదే మేలు. అక్షరము మాత్రము తెల్లగ, లావుగ నుండవలెను.

చౌకగ దొరకు గడియారముల విషయమున ఒక హెచ్చరిక. వానిలో పెక్కింటికి పరుల యాప్‌లను చేర్చు వీలే లేదు. ఫోనునకు వచ్చిన సూచనను అందుకొని చూపుట మాత్రమే వాని పని. తెలుగు ఖతి లేనిచో అక్షరములకు మారుగ ఖాళీ చతురస్రములు వరుసగ నిలుచును. కొనకముందే అంగడివానియెదుట తెలుగు సందేశ మొకటి పంపి చూచుకొనుట గృహస్థునకు ఉచితము.

తుదకు ప్రకటనఘట్టము. గూగుల్‌వారి యంగడిలో ఖాతా తెరచుటకు ఒక్కసారి ఇరువదియైదు డాలరులు రుసుము. 2023 నవంబరు 13 తరువాత తెరచిన వ్యక్తిగత ఖాతాదారులు తమ యాప్‌ను బహిరంగముగ నుంచుటకు ముందు ఇరువదిమందిచే పదునాలుగు దినములు ఎడతెగక పరీక్షింపజేయవలెనని నియమము చేసిరి. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను పండ్రెండునకు తగ్గించిరి. క్రొత్తవారు దీనిని భారముగ తలచి, ఊరు పేరు నెరుగనివారితో పరస్పరము పేళ్ళు మార్చుకొని లెక్క పూర్తిచేయుచున్నారు. ఇంతకన్న వ్యర్థమైన పని లేదు. కుల్చారపు యువకునకు పండ్రెండుగురు దొరకుట కష్టమా? మా పాఠకులలో మంచి గడియారములు ధరించు భూవసతిగల గృహస్థులును, మెదకు పట్టణపు వర్తకులును, ఉపాధ్యాయులును కలరు. వారు తమ ఖాతాలతో పరీక్షకులుగ చేరవచ్చును. తమ చేతి గడియారమును కాలువగట్టునకు పోవు పాలేరు చేతికి కట్టి, అతడు ఏమి చదివెనో, ఏమి అర్థము చేసికొనెనో అడిగి వ్రాసికొనవచ్చును. ఇంగ్లీషు రానివారు ఆ పండ్రెండుగురిలో సగమైన నుండవలెను. కన్ను మసకబారిన పెద్దలు ఇద్దరు, నాట్లు వేయు స్త్రీలు ఇద్దరు తప్పక యుండవలెను. మొదటి దినము సాయంకాలమున పంపు సందేశమున ‘జ్ఞా’ యను నక్షరము రెండు కూర్పులతోను, విభాజకముతోను, అది లేకయు, ఉండవలెను. సింగూరునుండి నీరు విడుచు తేదీని ముందుగ విచారించి ఆ పదునాలుగు దినములు దానితో కలియునట్లు నిర్ణయించుకొనుట మంచిది. లేనిచో పరీక్షయంతయు ఎండిన కాలువపై జరిగిపోవును.