కార్డు ఉన్న అబద్ధం

విలేకరులకు లైసెన్సు పెట్టాలన్న మాట పదేళ్లకు పైగా తిరిగి తిరిగి వస్తోంది. చాంద్రాయణగుట్ట నుంచి మక్కా మసీదు దాకా హైదరాబాద్ పాతబస్తీ మోసిన అబద్ధాల్లో ఆ లైసెన్సు వేటిని ఆపి ఉండేది?

2018 మే 26, శనివారం. రంజాన్ నెల. తరావీ నమాజులు ముగిశాక కూడా చాంద్రాయణగుట్ట వీధులు నిద్రపోవు. చాయ్ బండ్లు, హలీం భట్టీలు, పిల్లల కేకలు. ఈ నెలలో ఖైరాత్ ధారాళంగా ఇస్తారని మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కొందరు ట్రాన్స్‌జెండర్లు ఆ రాత్రి అక్కడ యాచిస్తున్నారు. వాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న మాట పుట్టింది. జనం గుంపులుగా చుట్టుముట్టారు. రాళ్లు లేచాయి. కాపాడబోయిన పోలీసుల మీదా పడ్డాయి. ఒకరు చనిపోయారు.

అప్పటికి కొన్ని వారాలుగా తెలంగాణలో ఫోన్లన్నీ అదే మాట మోగిస్తున్నాయి. పార్థీ గ్యాంగు దిగిందట, బిహార్ ముఠా వచ్చిందట, కిడ్నీలు తీసుకుపోతున్నారట. నిజామాబాద్, యాదాద్రి భువనగిరి జిల్లాల్లోనూ ఆ నెలలోనే అనుమానంతో కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో ఉంది: ఇద్దరు బైకు మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని లాక్కుపోతారు. అది కరాచీలో ఓ స్వచ్ఛంద సంస్థ పిల్లల భద్రత కోసం తీయించిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ బైకు వాళ్లే వెనక్కి వచ్చి పిల్లాణ్ని దించి, జాగ్రత్త అని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్కను కత్తిరించి మిగతాది వదిలారు. పిల్లల్ని కాపాడమని తీసిన బొమ్మ మనుషుల్ని చంపించింది.

ఆ వీడియో కత్తిరించడానికి గానీ, ఊరూరా తిప్పడానికి గానీ విలేకరితో ఎవరికీ పనిపడలేదు. తయారు చేసినవాడికి ప్రెస్ కార్డు అక్కర్లేదు, పంచినవాడికి అక్కర్లేదు, రాయి తీసినవాడికి అంతకన్నా అక్కర్లేదు. అయినా పుకారు ప్రాణం తీసిన ప్రతిసారీ విలేకరులకు లైసెన్సు పెట్టాలన్న మాట మాత్రం ఎక్కడో ఒకచోట లేస్తుంది.

2013 మార్చిలో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ జర్నలిస్టులకు కనీస విద్యార్హత ఏముండాలో తేల్చమని ఒక కమిటీ వేశారు. అదే ఏడాది ఆగస్టులో అప్పటి సమాచార, ప్రసార మంత్రి మనీశ్ తివారీ ఇంకో అడుగు ముందుకేసి, డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టే ఉమ్మడి పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తే బాగుంటుందన్నారు. ప్రభుత్వం మారింది, ఆలోచన మారలేదు. 2018 ఏప్రిల్ 2న అప్పటి సమాచార, ప్రసార మంత్రి స్మృతి ఇరానీ శాఖ ఒక ప్రకటన ఇచ్చింది: తప్పుడు వార్త రాసినట్టు తేలితే అక్రిడిటేషన్ మొదటిసారి ఆరు నెలలు, రెండోసారి ఏడాది నిలిపేస్తారు, మూడోసారి శాశ్వతంగా రద్దు చేస్తారు. తెల్లారేసరికి ప్రధాని కార్యాలయమే దాన్ని వెనక్కి తీసుకోమంది. ఇక 2025 మార్చిలో, ఓ యూట్యూబ్ ఛానల్‌కు చెందిన ఇద్దరు మహిళా జర్నలిస్టుల అరెస్టు మీద రగడ నడుస్తుండగా, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలోనే జర్నలిస్టు ఎవరో తేల్చే జాబితా ఇమ్మని సంఘాలను అడిగారు. అందులో లేనివాళ్లను నేరస్థుల కిందే లెక్కేస్తామన్నారు.

ఈ మాటకు జనంలో మద్దతు లేదనుకోవడం పొరపాటు. ఏ సాయంత్రమైనా మదీనా చౌరస్తా నుంచి పత్థర్‌గట్టి వైపు నడవండి. ట్రాఫిక్ తగాదా అయినా, కార్పొరేటర్ వచ్చినా, నిమిషాల్లో రంగురంగుల లోగోలున్న మైకులు వాలిపోతాయి. లోగో కింద ఆఫీసు ఉండదు, అడిగితే ఎడిటర్ ఉండడు. కట్టడం అక్రమమని వీడియో తీసి, వేయకుండా ఉండటానికి బేరం పెట్టేవాళ్లున్నారని దుకాణదారులు వాపోతారు. పెద్ద ఛానళ్ల బండ్లకన్నా ప్రెస్ స్టిక్కరున్న స్కూటర్లే ఎక్కువ. ఇలాంటి బేరం ఎదుర్కొన్న వ్యాపారిని లైసెన్సు కావాలా అని అడిగితే నేడే పెట్టమంటాడు. అతని కోపంలో తప్పు లేదు. కానీ బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. మైకు పట్టుకున్నా, పట్టుకోకపోయినా నేరమే. ఫిర్యాదు తీసుకుని ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిన చోట కట్టకుండా, కొత్తగా పరీక్షలు పెట్టి కార్డులిస్తే బేరగాళ్ల జేబుల్లోకి ముందుగా చేరేది ఆ కార్డే.

మక్కా మసీదు తర్వాత

అసలు పాతబస్తీని ఎక్కువ కాలం, ఎక్కువ లోతుగా కోసిన అబద్ధం యూట్యూబ్‌లో పుట్టలేదు. అది పుట్టేనాటికి ఇక్కడి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు అరుదు.

2007 మే 18, శుక్రవారం. జుమా నమాజు వేళ మక్కా మసీదులో వజూ చేసుకునే కొలను దగ్గర బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత బయట చెలరేగిన ఆందోళనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. ఆ వెంటనే అరెస్టులు మొదలయ్యాయి. మొఘల్‌పురా, సైదాబాద్, మలక్‌పేట... బస్తీలకు బస్తీలు జల్లెడ పట్టారు. పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. ఊరి బయటి ఇళ్లలో, ఫామ్‌హౌసుల్లో రోజుల తరబడి ఉంచి హింసించారన్న ఆరోపణలను రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ తన నివేదికలో నమోదు చేశారు.

ఈ లోపు పత్రికల్లో, టీవీల్లో ఏం వచ్చింది? కుట్ర ఎలా జరిగిందో, ఎవరు ఎక్కడ కలిశారో, ఏ సరిహద్దు దాటి ఎవరు వచ్చారో కళ్లకు కట్టినట్టు కథలు వచ్చాయి. "పోలీసు వర్గాల భోగట్టా", "విశ్వసనీయంగా తెలిసింది" అన్న రెండు మాటల మీద పేజీలకు పేజీలు నిలబడ్డాయి. ఆ వర్గాలు ఎవరో పాఠకుడికి తెలియదు. రాసినవాడికి తెలుసు. ఒక అధికారి, ఒక ఫోన్, ప్రెస్‌మీట్ అయ్యాక పక్కకు పిలిచి చెప్పిన నాలుగు మాటలు. రెండో నోటి నుంచి రూఢి చేసుకునే తీరిక లేదు. పోటీ పత్రికలో రేపు వస్తే ఎడిషన్ ఇన్‌చార్జి అడుగుతాడు.

పట్టుకెళ్లిన వాళ్లపై పేలుడు కేసులో అభియోగమే మోపలేదు. కొందరిపై కుట్ర పేరుతో విడిగా పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వమే తప్పు ఒప్పుకున్నట్టు 2012 జనవరిలో 70 మందికి పరిహారం ఇచ్చింది. నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. నేరంతో సంబంధం లేదంటూ ధ్రువపత్రాలు కూడా ఇస్తామంది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు సీబీఐకీ, అక్కడి నుంచి ఎన్‌ఐఏకీ మారి ఈసారి హిందూ సంస్థలతో సంబంధాలున్న వాళ్లు నిందితులయ్యారు. ఆ విడతలోనూ లీకుల కథలకు కొదవ లేదు, పేర్లు మాత్రం మారాయి. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానంద సహా ఐదుగురిని ఎన్‌ఐఏ కోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. పద్నాలుగు ప్రాణాలకు ఈనాటికీ ఎవరూ దోషి కారు. పత్రికల్లో మాత్రం దోషులు రెండుసార్లు దొరికారు.

ఈ కథలు రాసినవాళ్లు దారినపోయే మనుషులు కారు. డిగ్రీలున్నవాళ్లు, అక్రిడిటేషన్ ఉన్నవాళ్లు, క్రైం బీటులో పండినవాళ్లు. లైసెన్సు పరీక్ష పెడితే అందరికన్నా ముందు పాసయ్యేవాళ్లు. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం, ఆ అబద్ధానికి మూలమూ ప్రభుత్వ యంత్రాంగమే. అలాంటప్పుడు ఆ లీకును నమ్మనని మొండికేసిన విలేకరిదే ముందు రద్దయ్యేది.

జేబులో ఇప్పటికే ఉన్న కార్డు

మాట వరసకు లైసెన్సు లేదంటాం గానీ, తెలుగు రాష్ట్రాల్లో దాని చెల్లెలు ఎప్పటి నుంచో ఉంది. తెలంగాణలో 2016 నిబంధనల కింద అక్రిడిటేషన్ కార్డులిచ్చారు. కార్డుంటే ఆర్టీసీ రాయితీ, ఆరోగ్య పథకం. ఇళ్ల స్థలాల ఆశ సరేసరి. హైదరాబాద్‌లో ఎమ్మెల్యేలు, ఎంపీలు, అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల సొసైటీలకు చేసిన భూకేటాయింపులను 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు రద్దు చేసినప్పుడు, ఒకే వరుసలో ఎవరెవరు నిలబడ్డారో చూశాం. తనిఖీ చేయాల్సినవాడు, తనిఖీకి లోబడాల్సినవాడు ఒకే లేఅవుట్లో పక్కపక్క ప్లాట్ల కోసం ఎదురుచూశారు. కార్డు వల్ల వార్తలో నిజం పాలు పెరిగిందని మాత్రం ఎవరూ అనగా వినలేదు.

కింది మెట్టు సంగతి మరీ పాడు. మండలంలో, బస్తీలో నిజంగా వార్త మోసేది కంట్రిబ్యూటర్. జీతం ఉండదు. లైన్ అకౌంట్ పేరుతో అచ్చయిన మేరకు నాలుగు రూపాయలు. దసరాకు, సంక్రాంతికి, నాయకుడి పుట్టినరోజుకు యాడ్ టార్గెట్ తప్పదు. ఉదయం ఎవరి దగ్గర యాడ్ అడిగాడో సాయంత్రం అతని మీద వార్త రాయాలి. ఇతనికి పరీక్ష పెట్టి ఏం రాబడతాం? లైసెన్సు మాటెత్తే మంత్రులెవరూ పత్రికా యజమాని ఇవ్వని జీతం మాటెత్తరు.

వైద్యుడికి పట్టా ఉన్నప్పుడు విలేకరికి ఎందుకు ఉండకూడదని అడుగుతారు. కత్తి పట్టే హక్కు రాజ్యాంగం అందరికీ ఇవ్వలేదు. మాట్లాడే హక్కు 19వ అధికరణంలో పౌరులందరికీ ఇచ్చింది, విలేకరి వాడుకునేదీ అదే. చాంద్రాయణగుట్టలో ఆ రాత్రి ఎవరైనా మేడ మీది నుంచి ఫోన్‌లో తీసి ఉంటే అది సాక్ష్యం. లైసెన్సు చట్టం కింద అదే నేరం కావచ్చు.

ఈ ఊరు అనుమతి పత్రాల కాలాన్ని ఇదివరకే చూసింది. నిజాం రాజ్యంలో పత్రిక పెట్టాలంటే సర్కారు దయ ఉండాలి. మందుముల నరసింగరావు నడిపిన ఉర్దూ పత్రిక 'రయ్యత్' ఆ దయ పోగొట్టుకుని మూతపడింది. అందులో పనిచేసిన ఉస్మానియా పట్టభద్రుడు షోయబుల్లా ఖాన్ 1947 నవంబర్లో 'ఇమ్రోజ్' మొదలుపెట్టి, హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా రజాకార్లు కాల్చి, రాసే చేయి నరికారు. తెల్లవారేలోగా పోయాడు. ఆనాటి పాలకుల లెక్కలో అబద్ధాలు రాసినవాడు అతనే.

బయటి లోకమూ ఈ దారిలో నడిచి చూసింది. 1823లో కలకత్తాలో కంపెనీ సర్కారు లైసెన్సు పెడితే రామ్మోహన్ రాయ్ తన పారశీక పత్రిక 'మిరాత్ ఉల్ అఖ్బార్'ను తానే మూసుకున్నారు. కోస్టారికాలో సంఘ సభ్యత్వం లేకుండా రాసినందుకు ఒక విలేకరికి శిక్ష పడితే, నిర్బంధ లైసెన్సు మానవ హక్కుల ఒప్పందానికి విరుద్ధమని అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 1985లో తేల్చింది. సైనిక పాలన నాటి డిప్లొమా నిబంధనను బ్రెజిల్ సుప్రీంకోర్టు 2009లో కొట్టేసింది. ఇటలీలో 1963 నుంచీ పాత్రికేయుల పట్టిక ఉంది. బెర్లుస్కోనీ టీవీ సామ్రాజ్యం దాని కళ్ల ముందే పెరిగింది.

మరి పుకారును ఏదీ ఆపలేదా? ఆపింది. 2018లోనే, ఇవే పార్థీ గ్యాంగు వదంతులు పాలమూరు పల్లెల్లో తిరుగుతున్నప్పుడు, జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపారు. వాళ్లు డప్పు కొట్టించి, పాటలు కట్టించి, ఈ వీడియో మనది కాదని రచ్చబండ దగ్గర జనానికి చెప్పారు. పల్లెకొక పోలీసు, అతని నంబరు ఊరి వాళ్ల ఫోన్లలో. జనం అనుమానం వస్తే రాయి తీయడానికి ముందు ఆ నంబరుకు కొట్టారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. రెండూ పుకారు దారి మీద పెట్టిన అడ్డంకులే, మనిషి నోటి మీద పెట్టినవి కావు. పాతబస్తీలో ఈ పని దక్కనీలో జరగాలి. తెలుగులో, ఇంగ్లిష్‌లో ఇచ్చే పోలీసు ట్వీటు తలాబ్‌కట్టలో ఎంతమందికి అందుతుంది? జుమా రోజు మసీదు మైకులో ఇమాం సాబ్ చెప్పే ఒక్క మాట దానికి పదింతలు పోతుంది.

పాత క్రైం రిపోర్టర్ల పద్ధతి కూడా ఇలాంటిదే. గొడవ అన్న ఖబర్ రాగానే ఇన్‌స్పెక్టర్‌కు ఒక ఫోన్. ఆయన ఏమీ లేదంటాడు, అలవాటు. తర్వాత ఉస్మానియా ఆసుపత్రి క్యాజువాలిటీకి. గాయపడ్డవాళ్లు అక్కడికే రావాలి, మెడికో లీగల్ కేసు నమోదైతే రిజిస్టరులో పేరు, వేళ, బస్తీ ఉంటాయి. చివరికి ఆ బస్తీలో తెలిసిన పెద్దమనిషికి. మూడూ ఒకటైతేనే డెస్కుకు వార్త. దీనికి గంట పడుతుంది, స్క్రోలింగ్‌కు అర నిమిషం చాలు. ఆ గంటకు జీతమిచ్చే యాజమాన్యం ఉండాలి.

సంపాదకులు ఏ చట్టమూ అక్కర్లేకుండా రేపే మొదలుపెట్టదగిన పని ఒకటుంది. 2007 నాటి ఆ కథల్లో ఆన్‌లైన్‌లో నిలిచి ఉన్నవి ఇప్పటికీ యువకుల పేర్లు కొడితే పైకొస్తాయి. పెళ్లి సంబంధం వాళ్లు చూస్తారు, ఉద్యోగమిచ్చేవాడు చూస్తాడు, అద్దె ఇంటి యజమాని చూస్తాడు. ఆ ప్రతి కథ నెత్తిన తర్వాత కోర్టు ఏమందో, ఏ తేదీన అందో రెండు వరుసలు చేర్చాలి. 2018లో విడుదలైన ఐదుగురి కథలకూ అంతే. ఒక సబ్ ఎడిటర్, తీర్పుల కాపీలు, కొద్ది వారాల పని.